పుల్లయ్య ఇవ్వనన్న టీ

ఆళ్లగడ్డలో పొద్దున ఆరు గంటలకు ఎక్కితే బస్సు ఏడుంపావుకల్లా నంద్యాలలో దించుతుంది. పాలిటెక్నిక్‌లో మొదటి గంట ఎనిమిదిన్నరకు. మధ్యలో మిగిలే ఆ గంటంపావు ఎక్కడ గడపాలన్నది, సివిల్ డిప్లొమాలో కొత్తగా చేరిన ప్రేమకుమారిని మొదటి వారమంతా పట్టుకున్న బెంగ. కాలేజీ గేటు ఎనిమిదికి గాని తీయరు. బస్టాండులో ఒక్కతే కూర్చుంటే వచ్చేపోయే వాళ్ల కళ్లన్నీ తన మీదే ఉన్నట్టుంటుంది. అందుకని మిగతా పిల్లల వెనకే ఆమె కూడా కాలేజీ సందులోకి నడిచింది.

ఆ సందు మొదట్లో ఎదురెదురుగా రెండు కొట్లున్నాయి. ఎడమ చేతివైపు పుల్లయ్య టీ బంకు. కుడి చేతివైపు ఉమామహేశ్వరమ్మ కాఫీ హోటలు. హోటలంటే పెద్దదేమీ కాదు, రేకుల షెడ్డులో రెండు బల్లలు, ఒక ఫ్యాను, తళతళలాడే ఇత్తడి ఫిల్టరు, పొద్దున పూట బొరుగుల ఉగ్గాని. పుల్లయ్య బంకుకు బల్లలు కూడా లేవు. ఆటోవాళ్లు, లారీవాళ్లు, మగపిల్లలు చుట్టూ నిలబడి తాగి పోతుంటారు.

ప్రేమకుమారికి ఆ సందు సంగతులు చెప్పింది ఆమె తరగతిలోనే చేరిన వర్షిణి. నందికొట్కూరు దగ్గరి రైతుల పిల్ల, హాస్టల్లో ఉంటుంది. వాళ్ల అక్క కూడా ఇదే కాలేజీలో చదివింది కాబట్టి అన్నీ ముందే తెలుసు.

"ఈడ చేరినోళ్లు మొదట తేల్చుకోవాల్సింది ఒకటే. టీయా, కాఫీయా?" అంది వర్షిణి.

"రెండూ తాగితే ఏమైతాది?"

"తాగకూడదు. ఆయప్పకూ ఆయమ్మకూ పడదు. ఎనిమిదేండ్లుగా మాటల్లేవంట. ఆడ తాగి ఈడికొస్తే ఆయమ్మ గ్లాసు ఠక్కుమని పెడతాది. ఈడ తాగి ఆడికి పోతే ఆయప్ప చక్కెర మరిచిపోతాడు. మా అక్క వాళ్లప్పుడు కూడా అంతే. టీ బ్యాచి, కాఫీ బ్యాచి."

వర్షిణి కాఫీ వైపు. ఆడపిల్లలంతా దాదాపు అటే. రోడ్డుకు వీపు పెట్టి కూర్చోవచ్చు, ఫ్యాను కింద నోట్సు తీసుకోవచ్చు. ప్రేమకుమారి మాత్రం టీ అంది. ఎందుకే అంటే, "కాఫీ చేదు" అని చెప్పి ఊరుకుంది. అసలు సంగతి వేరే.

ఆమె తండ్రి డేనియల్ ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్ల దగ్గర రాళ్లకు నునుపు పెట్టే పని చేస్తాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద కూడా రాతిపొడి పేరుకొని ఉంటుంది. తల్లి రూతమ్మ కూలిపనికి పోతుంది. కలుపు కాలంలో ఆటో అయిదింటికే వస్తుంది గనక నాలుగింటికే లేచి, జొన్నరొట్టెలు కాల్చి, చెనిక్కాయల ఊరిమిండి, అదే వేరుశెనగ రోటి పచ్చడి, నూరి, స్టీలు డబ్బాలో పెట్టి, గుడ్డలో మూట కట్టి బిడ్డ సంచిలో సర్ది పోయేది. 

కాలేజీలో మొదటి రోజు మధ్యాహ్నం ఆడపిల్లలంతా గుండ్రంగా కూర్చొని డబ్బాలు తీశారు. చిత్రాన్నం, టమోటా పప్పు, పూరీలు. ప్రేమకుమారి మూత సగం ఎత్తిందో లేదో, వెనక నుంచి ఎవరో పిల్ల, "ఊరిమిండా? వాసన గుమ్మంటాందే" అంది. ఆ పిల్ల మెచ్చుకునే అందేమో కూడా. కానీ ప్రేమకుమారి చెవులు వేడెక్కాయి. మూత మళ్లీ నొక్కేసింది. "నాకు ఆకలిగా లేదు" అంది.

ఆ రోజు తర్వాత ఆ డబ్బా కాలేజీలో తెరుచుకోలేదు. సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సు దిగాక, బస్టాండు వెనకాల గోడ పక్కన ఒక ఎర్రకుక్క ఉండేది. రొట్టెలు దానికి వేసి, డబ్బా కొళాయి కింద కడుక్కొని ఇంటికి పోయేది. కన్నబిడ్డ రోజూ డబ్బా ఖాళీ చేస్తోందని రూతమ్మకు ఒకటే సంతోషం. "చదువుకు ఆకలెక్కువంట" అని మొగుడితో చెప్పి ఇంకో రొట్టె ఎక్కువ పెట్టడం మొదలుపెట్టింది. ఆ మాట విన్న పొద్దు ప్రేమకుమారి రేపటి నుంచి తినాలనుకుంది. అయినా మరునాడు కూడా కుక్కకే వేసింది. ఒకసారి మొదలైన అబద్ధాన్ని ఎక్కడ ఆపాలో ఆమెకు తెలియలేదు.

ఇక పగలంతా ఆకలిని ఆపేది టీనే. పొద్దున ఏడున్నరకు ఒకటి, పదకొండింటి విరామంలో ఒకటి, ఒంటిగంటకు ఇంకొకటి. కాఫీ ఒకసారి తాగి చూసింది గాని, అది గొంతు దిగిన అరగంటకే కడుపు మళ్లీ లేచి కూర్చుంది. పుల్లయ్య టీ అలా కాదు. చిక్కటి పాలు, అల్లం, అడిగితే ఇంకో చెంచా చక్కెర. వేడిగా తాగితే రెండు గంటలు కడుపు నోరెత్తదు. 

"తిన్నావా పాపా?" అనేవాడు పుల్లయ్య గ్లాసు అందిస్తూ. అది అతని పలకరింపు. లారీ డ్రైవరునైనా, కాలేజీ ప్రిన్సిపాలునైనా అదే అడుగుతాడు.

"తిన్నా తాతా. చక్కెర కొంచెం ఎక్కువెయ్యి."

వేసేవాడు. అరవై దాటిన మనిషి, వెదురుకర్రలా సన్నగా పొడుగ్గా ఉంటాడు. మగవాళ్ల మధ్య ఆ పిల్ల ఇబ్బందిపడటం చూసి, బంకు వెనక గోడ నీడలో ఒక స్టూలు వేశాడు. ఎవరికోసమో చెప్పలేదు. మరునాటి నుంచి ఆ స్టూలు మీద ఇంకెవరూ కూర్చోలేదు.

అక్టోబరులో ఒక పొద్దు. అంతకు ముందు రాత్రి వాన కురిసి, పొద్దున్నే ఎండ చురచురమంటోంది. సర్వే క్లాసు. మైదానంలో గొలుసు పరిచి కొలతలు తీసుకుంటుంటే, ప్రేమకుమారి రెండు గంటలు ఎర్రతెల్ల కడ్డీ నిటారుగా పట్టుకొని నిలబడింది. కళ్ల ముందు ఒకటి రెండుసార్లు చీకట్లు కమ్మాయి. పదకొండింటికి వదలగానే టీ తాగితే సరిపోతుందనుకొని సంచి భుజాన వేసుకొని బయలుదేరింది. సందులోకి వచ్చింది, బంకు కనిపించింది. అక్కడిదాకే గుర్తు.

కళ్లు తెరిచేసరికి తల ఎవరిదో మెత్తటి ఒడిలో ఉంది. పైన ఉమామహేశ్వరమ్మ ముఖం. నుదుటి నిండా చెమటలు. పక్కన పుల్లయ్య, భుజం మీది తువ్వాలుతో విసురుతున్నాడు. ప్రేమకుమారి రోడ్డుకు సరిగ్గా నట్టనడుమ పడిందట. ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు పరిగెత్తుకొచ్చారట.

"గాలి తగలనీ, జరుగు" అంది ఉమామహేశ్వరమ్మ.

"కాళ్లు పైకి పెట్టు" అన్నాడు పుల్లయ్య.

"ఉప్పు చక్కెర నీళ్లు తాగించినా."

"ఇంకో గ్లాసు తాపించు."

అవి ఎనిమిదేండ్ల తర్వాత వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాటలని చుట్టూ చేరిన పిల్లలకు తెలుసు. అందరూ నోళ్లు తెరుచుకొని చూస్తున్నారు. వాళ్లిద్దరికి మాత్రం ఆ గుర్తే ఉన్నట్టు లేదు. ఆ పిల్ల లేచి కూర్చోగానే గుర్తొచ్చింది కాబోలు, ఉమామహేశ్వరమ్మ చీర కొంగు దులుపుకొని చరచరా తన షెడ్డులోకి పోయింది.

పుల్లయ్య ప్రేమకుమారిని స్టూలు మీద కూర్చోబెట్టి, రోడ్డు మీద పడిన సంచి తెచ్చాడు. తెస్తూ తెస్తూ ఆగాడు.

"ఇంత బరువుందేందీ? డబ్బా నిండుగుందే?"

అతను గుడ్డ విప్పి మూత తీశాడు. అయిదు రొట్టెలు, ఊరిమిండి, నంజుకోవడానికి ఒక ఎర్రగడ్డ. దేన్నీ ఎవరూ ముట్టలేదు.

"టీ ఇయ్యి తాతా, సరిపోతాది" అంది ఆమె.

"ఇయ్యను."

"తాతా..."

"ఇయ్యనంటాండా గదా. ఈ పొద్దు లేదు, రేపు లేదు. తిన్నానని నువ్వు చెప్తాంటే నేను నమ్మి మూడు నెల్లుగా చక్కెర వేస్తాండా. ఆకలికి టీ తాగేటోళ్ల మొగం యాడున్నా గుర్తుపడతా అనుకుంటి. నీ మొగం సరిగ్గా చూడకపోతి. తప్పు నాది." స్టూలు ముందు నేల మీదే గొంతుక్కూర్చున్నాడు. "ఎందుకు తినలే?"

"వాసనొస్తాదని. ఆడపిల్లోళ్లు నవ్వుతారని."

"నవ్వినారా?"

"లేదు."

"మరి?"

"నవ్వుతారేమోనని."

పుల్లయ్య అడగకుండానే డబ్బాలోంచి ఒక రొట్టె తీసి, రెండుగా విరిచి, ఊరిమిండి అద్దుకొని నోట్లో పెట్టుకున్నాడు. నమలుతూ కళ్లు మూసుకున్నాడు. అతని భార్య పోయి పదిహేనేండ్లయిందట. ఇంట్లో కాల్చిన జొన్నరొట్టె నోట్లో పడి ఎన్నాళ్లయిందో.

"ఎవరు కాల్చినారిది?"

"మా అమ్మ."

"ఆయమ్మ చేతికి దండం పెట్టాల" అని, అక్కడ టీ తాగుతున్న ఆటోవాళ్లతో గట్టిగా, "రాండ్రప్పా, చూడండి, రొట్టంటే ఇది. కాగితం మాదిరి పల్చగుంది" అన్నాడు. ఒకతను చేయి చాపాడు. ఇంకొకతను ఎర్రగడ్డ అడిగాడు. చూస్తుండగానే రెండు రొట్టెలు అయిపోయాయి. "మిగతావి నావి. ఎవరూ ముట్టొద్దండి" అని ప్రేమకుమారి గబగబా డబ్బా దగ్గరికి లాక్కుంది. అలా అన్నందుకు తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే తిన్నది. మూడో రొట్టె సగంలో ఏడుపొచ్చింది. పుల్లయ్య చూడనట్టు పాలగిన్నె వైపు తిరిగాడు.

ఆ రోజు నుంచి కట్టుబాటు అది. ముందు డబ్బా తెరవాలి, తర్వాతే టీ. అదీ రోజుకు ఒకటే. మొదట్లో రొట్టె నములుతూ రోడ్డు వైపు చూడటానికి సిగ్గేసేది. వారం తిరిగేసరికి వర్షిణి కూడా కాఫీ మాని వచ్చి ఆ స్టూలు పక్కన నిలబడి, "నాకొక ముక్క ఇయ్యవే" అనడం మొదలుపెట్టింది. ఊరిమిండి వాసన గుమ్మంటోందన్న పిల్ల తానేనని, నోరూరి అన్నానని అప్పుడు చెప్పింది. 

తింటున్న ఆ కాసేపట్లో పుల్లయ్య తన సంగతులు ఒక్కొక్కటే చెప్పేవాడు. సొంతూరు అవుకు. పద్నాలుగేండ్లకే నాపరాళ్లు మోసే లారీ మీద క్లీనరు. "డ్రైవరు తిన్నాకనే క్లీనరు తినాల. మా డ్రైవరు పొద్దుగూకినాకనే తినేటోడు. అందాకా టీ, టీ, టీ. పదేండ్లు అట్లనే బతికితి. కడుపులో పుండు పడింది. రక్తం కక్కుకుంటే మా అన్న కర్నూలు పెద్దాసుపత్రికి ఎత్తుకపోయినాడు. కోసి కుట్లేసినారు. మూడు నెల్లు గంజి తప్ప ఇంకోటి పడకూడదన్నారు. అమ్మ లేదు. మా వదిన గంట గంటకూ గంజి కాచి పోసింది. చంటిబిడ్డకు పోసినట్టు పోసింది పాపా. ఈ పానం ఆమె పెట్టిందే."

"ఇప్పుడు యాడుంది ఆ వదిన?"

పుల్లయ్య గడ్డం ఎత్తి రోడ్డుకు అటువైపు చూపించాడు. అక్కడ ఉమామహేశ్వరమ్మ ఫిల్టరు మీద వేడినీళ్లు పోస్తోంది.

ప్రేమకుమారి ఇటూ అటూ చూసింది. "మరి ఎందుకు మాట్లాడుకోరు?" అని అడిగింది. పుల్లయ్య కడిగిన గ్లాసునే మళ్లీ కడగడం మొదలుపెట్టాడు.

మిగతా సగం నవంబరులో తెలిసింది. ముసురు పట్టిన పొద్దు. పుల్లయ్యకు జ్వరమని బంకు తీయలేదు. ప్రేమకుమారి తడుస్తూ మూసిన బంకు ముందు నిలబడి ఉంటే అటునుంచి కేక వినిపించింది.

"రా పాపా. ఒక్కపొద్దు కాఫీ తాగితే కొంపలేం మునగవు."

పోయి బల్ల మీద కూర్చుంది. డబ్బా తెరిచి, "ఒక రొట్టె తిను అవ్వా" అంది. ఉమామహేశ్వరమ్మ వద్దనలేదు. పొయ్యి పక్కన పీట మీద కూర్చొని తింటూ, "ఎట్లుందంట ఆయప్ప జ్వరం?" అని అడిగింది. తెలియదంది ప్రేమకుమారి. ఉమామహేశ్వరమ్మ తనంతట తానే చెప్పుకొచ్చింది.

ఒకప్పుడు ఈ రెండు కొట్లూ ఒకటేనట. ఆమె భర్త వెంకటయ్య హోటలు చూసుకునేవాడు. ఒక పొయ్యి మీద పుల్లయ్య టీ, ఇంకో పొయ్యి మీద ఆమె కాఫీ. వెంకటయ్యకు చక్కెర జబ్బు. కాలికి పుండయి, ముదిరి, చివరికి ఒళ్లంతా విషమై పోయాడు. మట్టి చేసి వచ్చిన పొద్దు, బంధువులంతా కూర్చొని ఉండగా పుల్లయ్య లేచి, "ఆమె కాఫీలే మా అన్నను మింగినాయి" అన్నాడట.

"అందరి ముందర అన్నాడు పాపా. నేను నా చేత్తో ఒక్క చెంచా చక్కెర వేయలా ఆయనకు. ఏడేండ్లు చప్పటి కాఫీనే పోసినా."

"అట్లని చెప్పకపోతివా అవ్వా?"

ఉమామహేశ్వరమ్మ వేళ్లకంటిన ఊరిమిండి తుడుచుకుంది. "నా కాఫీ చప్పగుందని ఆయన పక్క పొయ్యి కాడికి పోయి తీపి టీ తాగేటోడు. నేను చూడలేదనుకునేటోడు. తమ్ముడు పోసేటోడు. అన్న అడిగితే కాదనలేడు, వాని మనసు అట్లాంటిది. నాకు తెలుసు. ఆ పొద్దు నేను ఆ ఒక్క మాట అనింటే అందరి నోళ్లూ మూతపడేటివి. కానీ ఆయప్ప మళ్లీ లేసేటోడు కాదు. గంజి పోసి బతికించినోన్ని మాటతో చంపుకుంటానా?"

వాన రేకుల మీద దడదడ కురుస్తోంది. ప్రేమకుమారి కాఫీ చల్లారిపోయింది. ఉమామహేశ్వరమ్మ మళ్లీ వేడి చేసి ఇచ్చింది.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డ బస్సులో ప్రేమకుమారికి అదే ఆలోచన. ఒక మనిషి తన మీద పడిన నింద ఎనిమిదేండ్లు మోసింది, ఇంకొకరిని కాపాడటానికి. తానేమో ఒక డబ్బా సంగతి కన్నతల్లికి చెప్పలేకపోయింది. ఇప్పుడు రోజూ తింటోంది నిజమే. కానీ మూడు నెలల రొట్టెలు కుక్క తిన్నది కూడా నిజమే. ఇంటికి పోగానే, చీపురు పట్టుకొని వాకిలి ఊడుస్తున్న తల్లి దగ్గర నిలబడి మొత్తం చెప్పేసింది. వాసన, సిగ్గు, ఎర్రకుక్క, రోడ్డు మీద పడిపోవడం, పుల్లయ్య తాత.

రూతమ్మ చీపురు ఆపి విన్నది. కోప్పడుతుందనుకుంది ప్రేమకుమారి. ఏడుస్తుందనుకుంది. ఆమె బిడ్డ చెంప మీద చెయ్యి వేసి, "పడినప్పుడు దెబ్బ తగల్లా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత లోపలికి పోతూ, "ఆ తాతకూ అవ్వకూ కూడా కాలుస్తా రేపటినుంచి. ఎన్ని తింటారో కనుక్కో" అంది.

మరునాటికి పుల్లయ్య జ్వరం తగ్గి బంకు తీశాడు. ప్రేమకుమారి రెండు మూటలు స్టూలు మీద పెట్టింది.

"ఇది నీకు. ఇది అవ్వకు. మా అమ్మ పంపించింది. మా అమ్మకు అంతా చెప్పేసినా తాతా."

"కుక్క సంగతి కూడానా?"

"అంతా."

"ఏమనింది?"

"దెబ్బ తగల్లా అని అడిగింది. ఇన్ని దినాలు ఎంత భయపడినానో. చెప్పినాక పానం దూది మాదిరి తేలికైంది."

ఉమామహేశ్వరమ్మ చెప్పిన మాట ప్రేమకుమారి బయట పెట్టలేదు. అది తన నోటితో చెప్పదగింది కాదని ఆమెకు తెలుసు. పుల్లయ్య పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు. పాలు పొంగి మంట మీద పడ్డాయి. అతను స్టవ్వు ఆపాడు. రెండో మూట చేతిలోకి తీసుకున్నాడు. టీ కోసం నిలబడ్డవాళ్లు "ఏంపా, యాడికి?" అంటున్నా పలకకుండా రోడ్డు దాటాడు. 

ప్రేమకుమారి ఉన్నచోటి నుంచి కదల్లేదు. కానీ సందు ఎంత వెడల్పు గనక, మాటలన్నీ వినిపించాయి.

"వదినా."

ఉమామహేశ్వరమ్మ తలెత్తింది.

"అన్నకు తీపి టీ పోసింది నేనే. ఆ పొద్దు నిన్నన్నాను గానీ, పోసింది నేను. వద్దనలేకపోతి. నా తప్పు నేను చూడలేక నీ మీదకు తోసినా."

"తెలుసు" అంది ఆమె.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"అప్పట్నుంచే."

ఉమామహేశ్వరమ్మ అతని చేతిలోంచి మూట తీసుకొని, పీట ముందుకు జరిపింది.

"జ్వరమొచ్చి లేసినోడివి ఎండలో నిలబడతావేంది? కూచో. కాఫీ పోస్తా."

అతను కూర్చున్నాడు. కండువా ముఖానికి అడ్డం పెట్టుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. హోటల్లో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే లేచి, చప్పుడు కాకుండా బయటికి వచ్చేశారు. టీ కోసం నిలబడ్డ ఆటో డ్రైవరొకడు బంకు లోపలికి పోయి, స్టవ్వు వెలిగించి, తానే అందరికీ టీ కలిపాడు. అది ఎంత బాగలేదంటే, ఎవరూ ఏమీ అనకుండా తాగేశారు.

ఆ తర్వాత కొట్లు రెండూ కలిసిపోలేదు. ఎవరిది వాళ్లదే. ఒకరికి బాగలేకపోతే ఇంకొకరు రెండూ చూసుకుంటారు, అంతే. పోట్లాట కూడా ఆగలేదు. ఇదివరకు మౌనంగా జరిగేది, ఇప్పుడు నోటితో జరుగుతుంది. మొదటి సెమిస్టరు పరీక్షల పొద్దు ప్రేమకుమారి కోసం ఇద్దరూ రోడ్డు మధ్యకొచ్చారు.

"పరీక్షకు పోయే పిల్లకు టీ ఏందప్పా? కాఫీ తాగితే బుర్ర పని చేస్తాది."

"గీతలు గీసే పరీక్ష వదినా ఇది. నీ కాఫీకి చెయ్యి వణికితే గోడ వంకర పోతాది."

ప్రేమకుమారి, పరీక్షకు ముందు టీ, రాసి వచ్చాక కాఫీ అని తీర్పు చెప్పింది. మూడేండ్లు అదే తీర్పు నడిచింది. ఆ మూడేండ్లలో ఒక్కరోజు కూడా ఆమె ఖాళీ కడుపుతో తరగతికి పోలేదు. 

డిప్లొమా అయ్యాక ఆళ్లగడ్డలోనే, ఇండ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పని దొరికింది. నంద్యాల పోవడం తగ్గింది. పోయిన వేసవిలో ఒకరోజు ఆఫీసు ముందు ఆటో ఆగి, అందులోంచి పుల్లయ్య, ఉమామహేశ్వరమ్మ దిగారు. వెంకటయ్య సమాధికి రాయి వేయించాలని వచ్చారట. ఇన్నేండ్లూ ఎవరు వేయించాలన్న పంతంతో ఆగిపోయిన పని. ప్రేమకుమారి వాళ్లను తండ్రి పనిచేసే చోటికి తీసుకుపోయింది. డేనియల్ నాలుగు రాళ్లు తడిపి చూపించాడు. ఉమామహేశ్వరమ్మ ఒకదాని మీద చెయ్యి పెట్టి, "ఇది చల్లగుంది, ఇదియ్యి" అంది. నునుపు పెట్టే పని తానే చేస్తానని డేనియల్ అన్నాడు.

మధ్యాహ్నం రూతమ్మ వాళ్లకు అన్నం పెట్టింది. చెయ్యి కడుక్కున్నాక పుల్లయ్య ఆమె ముందు చేతులు జోడించాడు. రూతమ్మ కంగారుపడి వెనక్కి జరిగింది.

"నువ్వెందుకప్పా దండం పెడతావు? నా బిడ్డకు నువ్వు చేసినదానికి మేము పెట్టాల."

"లేదమ్మా. నేను చేసింది ఒక టీ ఇయ్యకపోవడమే. ఆ పొద్దు నీ బిడ్డ ఆ రోడ్డు మీద పడకపోతే నేనూ మా వదినా మాటల్లేకుండానే చచ్చిపోతుంటిమి. ఆ సంగతి నీకు తెలియాలని."

ప్రేమకుమారికి అది కొత్త. తాను వాళ్లకు రుణపడ్డానని అనుకుంటూ వచ్చింది గాని, వాళ్లు కూడా అదే అనుకుంటూ ఉన్నారని ఎప్పుడూ తోచలేదు.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల సమయానికి ప్రేమకుమారి లేచి నిలబడింది. చదువు పూర్తయినందుకు, ఉద్యోగం వచ్చినందుకు చెబుతుందని అందరూ అనుకున్నారు. ఆమె మాత్రం నాలుగింటికి లేచే తల్లిని, రాతిపొడిలో బతికే తండ్రిని, నంద్యాలలో ఒక సందులో పుల్లయ్య అనే ఆయనను, ఉమామహేశ్వరమ్మ అనే ఆమెను ఇచ్చినందుకు దేవుణ్ని స్తుతిస్తున్నానని చెప్పి కూర్చుంది. వెనక వరసలో ఎవరో, "ఎవరే వాళ్లు?" అని అడిగారు. రూతమ్మ తిరిగి, "మావాళ్లే" అంది.